చెట్టుకప్పలు వానల అడవుల్లోనే ఉంటాయా? మన పాలమూరు దిక్కు ఉండవా?

ఎందుకుండవు? కాలివేళ్ళ మధ్య ఎర్రటి పొర సాపుకొని కొమ్మ మీంచి కొమ్మ మీదికి జారే మలబారు కప్ప కావాలంటే పడమటి కనుమలకే పోవాలె. దాని చుట్టం మాత్రం మా అచ్చంపేట దిక్కు ఇంటింటికీ ఉంటది. బాత్రూం వెంటిలేటర్ల గోధుమరంగుది కాళ్ళు ముడుచుకొని కూసుంటది సూడండి, అదే. తొడల వెనక పసుపు చుక్కలుంటయి.

మా ఇంటి ముందర బర్రెలు నీళ్ళు తాగే గోలెం ఉండేది. ఓసారి ముసురు తెరిపిచ్చినంక చూస్తే, లోపలి గోడకు, నీళ్ళకు జానెడు పైన తెల్లటి నురుగ ముద్ద. సబ్బు నురుగనుకొని అమ్మ చీపురు తెచ్చింది. "జర ఆగే పిల్లా, అవి కప్ప గుడ్లు. బర్రెకు నీళ్ళు బకెట్ల పొయ్యి" అన్నది నాయనమ్మ. ఆడకప్ప తన ఒంట్లోంచి వచ్చే జిగటను వెనక కాళ్ళతో కవ్వం లెక్క చిలికి, ఆ నురుగలనే గుడ్లు పెడ్తది. ఎండకు పైపొర పెళుసైతది, లోపల తడి ఆరదు. నీళ్ళల్ల చేపలకు అందదు. కొన్ని రోజులకు ముద్ద కింద మెత్తబడి తోకకప్పలు ఒక్కొక్కటే రాలబట్టినయి. ఒకటి నురుగ దారానికి వేలాడి, తోక కొట్టుకొని కొట్టుకొని పడ్డది.

పడమటి కనుమల్ల కొన్ని చిన్న పొదకప్పలకైతే తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి సీదా కప్పపిల్లే వస్తది. వాటికి అడవి నీడ, తేమ పోతే బతుకే లేదు. మనదానికి అంత పట్టింపు లేదు. చేపల్లేని నిలవ నీళ్ళు కొన్ని వారాలుండాలె, మీద ఓ కొమ్మో గోడో ఉండాలె. అదన్నా ఉంచినమా? గోలేలు పగలగొట్టి ప్లాస్టిక్ డ్రమ్ములు పెడ్తిమి, బాయిలు పూడ్చి ప్లాట్లు చేస్తిమి, కుంటలల్ల చేపపిల్లల్ని ఇడుస్తిమి. కప్పకాళ్ళు విదేశాలకు పంపుడు 1987లనే బంద్ చేసిన్రు గానీ, ప్లాట్లు చేసుడు ఎవరు బంద్ చేస్తరు? సంరక్షణ అనంగనే అందరికీ అమ్రాబాద్ పులులే యాదికొస్తయి. వాన పడకుంటే మాత్రం కప్పను రోకలికి కట్టి, వేపాకు చుట్టి, కప్పతల్లి అని ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించుకుంటరు!

బాత్రూంల కనబడితే ఉప్పు చల్లకండి, ఫినాయిల్ పోయకండి. అది కరవది, లైటు కాడికొచ్చే పురుగుల్ని తింటది. మరీ భయమైతే చీపురు మీదికి ఎక్కించి జామచెట్టు మీద ఇడవండి. మళ్ళొస్తదనుకోండి, అది వేరే సంగతి.