కాలనీ రోడ్డులో బండ్ల స్పీడ్ తగ్గాలంటే ముందు స్టాప్‌వాచ్ తీయండి

"మా వీధిలో బండ్లు దూసుకుపోతున్నాయి, పిల్లల్ని బయటికి పంపాలంటే భయంగా ఉంది. తలా కొంత వేసుకుని మేమే స్పీడ్ బ్రేకర్ కట్టించుకోవచ్చా?" అని ఒకరు అడిగారు. కట్టించుకోకండి. ఎందుకో చెప్తాను గానీ, అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

మాదీ హైదరాబాద్‌లో అలాంటి కాలనీయే. రెండు మెయిన్ రోడ్ల మధ్య ఉండటంతో, సిగ్నల్ తప్పించుకోవాలనుకునే ప్రతివాడికీ మా వీధే దారి. రోడ్డంతా గుంతలున్నన్నాళ్లూ తిట్టుకున్నాం గానీ స్పీడ్ గొడవ లేదు. సీసీ రోడ్డు పడ్డాక మొదలైంది. అసోసియేషన్ మీటింగ్ పెడితే అందరిదీ ఒకటే మాట: బయటివాళ్లు, డెలివరీ కుర్రాళ్లు. సరే, కొలిచి చూద్దామనుకున్నాం.

కొలవడానికి పెద్ద ఖర్చేం లేదు. టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివరలా సున్నంతో గీతలు గీయండి. బండి మొదటి గీత దాటగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి, రెండోది దాటగానే ఆపండి. 6 సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు. నాలుగున్నర సెకన్లయితే 40. మూడే సెకన్లలో దాటేస్తే 60. ఏ బండి, ఎన్ని గంటలకు అన్నది పక్కన రాసుకోండి. కుర్చీ కాస్త చాటుగా వేసుకోండి, పుస్తకం పెన్ను పట్టుకుని ఎదురుగా నిలబడితే అందరూ బుద్ధిమంతులైపోతారు.

మా పుస్తకంలో తేలిందేమిటంటే, పొద్దున స్కూల్ టైములో జోరుగా పోయేవాళ్లలో సగానికి పైగా మా కాలనీ వాళ్లే. పిల్లకి బస్సు తప్పిపోతుందని పరిగెత్తించే నాన్నలు, కాలేజీకి లేటయిన ఇంటర్ కుర్రాళ్లు. మధ్యాహ్నం ఖాళీ ట్యాంకర్లు. డెలివరీ వాళ్లు రాత్రిపూటే ఎక్కువ. ఆ కాగితం మీటింగ్‌లో చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ట్యాంకర్ల సంగతి అక్కడే తెగింది: నీళ్లు తెప్పించుకునేది మనమే కాబట్టి, నెమ్మదిగా రాకపోతే వేరేవాళ్లని పిలుస్తామని ఓనర్‌కి చెప్పాం. పోలీసుల దాకా పోనక్కర్లేకపోయింది.

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు మాత్రం చట్టం చెప్పాల్సి వచ్చింది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే బండి యజమానికి లేదా గార్డియన్‌కి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఇది వినగానే మా పక్కింటాయన తాళాలు బీరువాలో పెట్టేశారు.

"30లో పోతే ఎప్పటికి చేరతామండీ" అనేవాళ్లు మీ దగ్గరా ఉంటారు. లెక్క చెప్పండి. 300 మీటర్ల వీధికి 30లో 36 సెకన్లు, 60లో 18 సెకన్లు. మిగిలేది 18 సెకన్లు! అదే పిల్లవాడు అడ్డం వస్తే, కాలు బ్రేకు మీద పడేలోపే, సెకను పట్టిందనుకుందాం, 30లో ఉన్న బండి 8 మీటర్లు పోతుంది, 60లో ఉన్నది దాదాపు 17 మీటర్లు. ఆ తర్వాతే బ్రేకు పని మొదలవుతుంది.

ఇక స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అలా ఉంటే 25 వేగంతో కుదుపు లేకుండా దాటొచ్చు. మన మేస్త్రీ వేసేది అడుగు వెడల్పున్న సిమెంటు గట్టు. ఆటో కింది భాగం దానికి గీసుకుంటుంది, వెనక కూర్చున్న పెద్దావిడ ఎగిరి పడుతుంది, నడుం పట్టేస్తుంది. రంగు, ముందు హెచ్చరిక బోర్డు లేకపోతే రాత్రి బైకువాడికి అసలు కనపడదు. వాననీళ్లు పోవాలని అంచుల్లో సందు వదిలితే బైకులన్నీ ఆ సందులోంచే దూరతాయి, జనం నడిచేది కూడా అక్కడే. రబ్బరువి బిగిస్తే కొన్నాళ్లకు ముక్కలు ఊడిపోయి బోల్టులు మిగులుతాయి, టైర్లకు చిల్లులు. అనుమతి లేకుండా కట్టినదాని మీద ఎవరైనా పడితే కేసు మీ మెడకే చుట్టుకోవచ్చు. ఇంకో సంగతి, స్పీడ్ బ్రేకర్ అందరికీ కావాలి గానీ తన గేటు ముందు ఎవరికీ వద్దు. రాత్రంతా లారీ దడేలుమనే చప్పుడు ఎవరు భరిస్తారు? మా దగ్గర ఎక్కువ వాదన దీని మీదే నడిచింది.

చివరికి మేం ఒక్క స్పీడ్ బ్రేకరే అడిగాం, పార్కు గేటు దగ్గర. మలుపులో చూపుకి అడ్డంగా ఉన్న కొమ్మలు కొట్టించడం, అక్కడ కార్లు ఆపనివ్వకపోవడం దానికంటే బాగా పనిచేశాయని నా అభిప్రాయం. కార్ల సందులోంచి పిల్లలు హఠాత్తుగా బయటికి రావడం తగ్గింది.

అర్జీలో "స్పీడ్ ఎక్కువగా ఉంది" అని రాసి ఊరుకోకండి. ఏ చోట, ఏ టైములో, ఎన్ని బండ్లు 40 దాటాయో మీ పట్టిక జతచేయండి, ఫోటోలు, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల సంతకాలు పెట్టండి. ఒక కాపీ మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగానికి, ఒకటి ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే నయం. రసీదు నంబర్ మాత్రం తప్పకుండా తీసుకోండి, అది లేకుండా మళ్లీ వెళ్తే కొత్త అర్జీ రాసివ్వమంటారు.