అంచు దగ్గర చూడు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

వీడియోలో వెనకున్న గోడ తీసేయడానికి ఏ ఏఐ టూల్ తీసుకోమంటావు మామయ్యా అని అడిగావు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇవి చూస్తుండగానే మారిపోతున్నాయి. ఎలా పరీక్షించాలో చెబుతాను, అది పట్టుబడితే రేపు కొత్తది వచ్చినా నువ్వే తేల్చుకుంటావు.

ముందు ఒక తేడా తెలుసుకో. కొన్ని టూల్స్ కత్తెరతో కత్తిరించినట్టు పనిచేస్తాయి. బొమ్మలోని ఒక్కో చుక్కే పిక్సెల్. ఈ పిక్సెల్ మనిషిది, ఆ పిక్సెల్ గోడది, అంతే. దీన్ని సెగ్మెంటేషన్ అంటారు. భుజం దగ్గర సరిపోతుంది గానీ జుట్టు దగ్గర చాలదు. రేగిన వెంట్రుకల దగ్గర ఒకే పిక్సెల్‌లో కొంత జుట్టు, కొంత గోడ కలిసి ఉంటాయి. అందులో జుట్టు పాలెంతో లెక్కగట్టి, మిగతాది పారదర్శకంగా వదిలేదాన్ని మ్యాటింగ్ అంటారు. ఆ లెక్కే ఆల్ఫా. మామూలు 8 బిట్ ఫైల్‌లో అది 0 (పూర్తిగా పారదర్శకం) నుంచి 255 (పూర్తిగా కనబడేది) దాకా ఉంటుంది. నువ్వు జుట్టు విరబోసుకుని, తల ఊపుతూ మాట్లాడతావు కాబట్టి నీకు మ్యాటింగ్ చేసేదే కావాలి.

ఫొటోకి బాగా పనిచేసిందని వీడియోకి నమ్మకు. సెకనుకు 25 ఫ్రేములంటే నిమిషానికి 1500 బొమ్మలు. దేనికది విడిగా కత్తిరిస్తే, ఆపి చూసినప్పుడు ప్రతి బొమ్మా బాగానే ఉంటుంది. ప్లే చేశావంటే అంచంతా మరిగే నీళ్లలా కదులుతుంది. వెనకటి ఫ్రేములను గుర్తుపెట్టుకుని ముందుకెళ్లే మోడల్ కావాలి. 2021లో వచ్చిన రోబస్ట్ వీడియో మ్యాటింగ్ అనే మోడల్ ఆ పద్ధతిదే. ఆఫ్టర్ ఎఫెక్ట్స్, డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్లున్నాయి. మొదటిదాంట్లో రోటో బ్రష్, రెండోదాంట్లో మ్యాజిక్ మాస్క్ ఇంకో దారి. ఒక ఫ్రేములో మనిషిని గుర్తించి చూపిస్తే మిగతా ఫ్రేముల్లో అవే వెంటాడతాయి. తప్పితే ఆ ఫ్రేము దగ్గర మనం దిద్దొచ్చు. మ్యాజిక్ మాస్క్ మాత్రం రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో రాదు, స్టూడియో అనే వెర్షన్ కొనాలి. ఒక్క బటన్ నొక్కితే అంతా అయిపోయి, తప్పు దిద్దే వీలే లేనిదానికంటే, కాస్త శ్రమపెట్టినా దిద్దనిచ్చేదే నాకు ఇష్టం. ఏ టూలైనా ఎక్కడో ఒకచోట తప్పుతుంది తల్లీ.

ఇక పరీక్ష. వాళ్లు చూపించే డెమో చూసి కొనకు, అందులో అన్నీ కుదిరిన షాట్లే ఉంటాయి. నీ ఫోన్‌తో, నువ్వు మామూలుగా కూర్చునే చోటే పది పదిహేను సెకన్ల క్లిప్ తియ్యి. జుట్టు విదిలించు. చెయ్యి వేగంగా ఊపు. పక్కకి తిరిగి మళ్లీ ఇటు తిరుగు. చేతిలో ఒక పుస్తకం పట్టుకుని కెమెరాకి చూపించు, చాలా టూల్స్ మనిషిని ఉంచి పుస్తకాన్ని మింగేస్తాయి. గాజు గ్లాసు కూడా ఒకసారి ఎత్తు. ఇదే క్లిప్ అన్నిట్లోనూ వెయ్యి. వచ్చినదాన్ని నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద చూస్తే లోపాలు దాక్కుంటాయి, ముదురు ఎరుపు మీద పెట్టు. తర్వాత ఆల్ఫాని ఒక్కదాన్నే నలుపు తెలుపుల్లో ప్లే చేసి చూడు. అందులో మనిషి తెలుపు, తీసేసిన గోడ నలుపు, రెండూ కలిసినచోట బూడిదరంగు. ఒంటి మధ్యలో బూడిదరంగు మచ్చలుంటే మనిషిలోంచి వెనక బొమ్మ కనబడుతుందన్నమాట. జుట్టు చివర అసలు బూడిదరంగే లేకపోతే అది కత్తెర పనే. పాత గోడ రంగు జుట్టు అంచున అంటుకుని ఉందేమో కూడా చూడు. దాన్ని తుడిచే సదుపాయం ఉన్న టూల్‌కి నేను ఒక మార్కు ఎక్కువేస్తాను.

ఫైల్ సంగతి చెప్పాలి, ఇక్కడ నేను దెబ్బతిన్నాను. ఒక వెబ్‌సైట్‌లో గంట ఇంటర్వ్యూ మొత్తం ఎక్కించి, రాత్రంతా కూర్చుని, పొద్దున డౌన్‌లోడ్ చేస్తే మామూలు ఎంపీ4 వచ్చింది. వెనక అంతా నలుపు, ఆల్ఫా లేదు. మనం రోజూ వాడే హెచ్.264 ఎంపీ4లో పారదర్శకత నిలవదు. ఆల్ఫా నిలిచే ఫైల్ రకాలైన ప్రోరెస్ 4444 గానీ, వీపీ9 వెబ్ఎమ్ గానీ ఇస్తుందా అని ముందే అడుగు. ప్రోరెస్ 422లో కూడా ఆల్ఫా ఉండదు, పేరు చూసి పొరపడకు. కనీసం ఆ ఆల్ఫాని నలుపు తెలుపు వీడియోగా (దాన్నే మాస్క్ అంటారు) విడిగా ఇచ్చినా పని జరుగుతుంది. ఉచితంగా ఇచ్చేది చిన్న సైజుకి కుదించి ఇస్తోందా, వాటర్‌మార్క్ వేస్తోందా అన్నది పది సెకన్ల క్లిప్‌తోనే బయటపడుతుంది.

వేరేవాళ్ల ముఖాలున్న వీడియో, ముఖ్యంగా పిల్లలది, వాళ్లని అడగకుండా వెబ్‌సైట్లకి ఎక్కించకు. అలాంటివాటికి నీ కంప్యూటర్‌లోనే నడిచే టూల్ వాడు. గ్రాఫిక్స్ కార్డు చిన్నదైతే ఆలస్యమవుతుంది, కానివ్వు.

షూటింగ్‌లో కొంచెం జాగ్రత్తపడితే టూల్ మీద సగం భారం తగ్గుతుంది. గోడకి రెండు మూడు అడుగులు ముందుకొచ్చి కూర్చో. నల్ల జుట్టు వెనక ముదురు తెర వద్దు. వెలుతురు చాలకపోతే బొమ్మ గరగరలాడి అంచు కూడా వణుకుతుంది, కాబట్టి దీపం ఒకటి పెట్టుకో. చెయ్యి ఊపినప్పుడు మరీ మసకబారుతుంటే కెమెరా షటర్ వేగాన్ని 1/50 సెకను నుంచి 1/100కి మార్చి చూడు.

నెల చందా కట్టే ముందు ఆ క్లిప్పూ, టూల్స్‌లోంచి వచ్చిన ఆల్ఫాలూ నాకు పంపు. ఆదివారం ఇద్దరం పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య