క్లచ్ గట్టిపడిందని గేర్‌బాక్స్ దించే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఆల్టోలో క్లచ్ తొక్కితే మోకాలు లాగేస్తోందని, షెడ్డులో చూపిస్తే గేర్‌బాక్స్ దించి క్లచ్ సెట్ మార్చాలన్నారని చెప్పావు. టెన్షన్ పడకు, అప్పుడే వాళ్లకి సరే అనకు. బరువు ఎక్కడుందో తేలేదాకా గేర్‌బాక్స్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు.

నీది కేబుల్ క్లచ్. పెడల్ తొక్కితే కేబుల్ గేర్‌బాక్స్ మీదున్న లివర్‌ని లాగుతుంది. లోపల రిలీజ్ బేరింగ్ ముందుకెళ్లి, ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేటుని అదిమిపట్టే పళ్లెం) మీద వేళ్లలా ఉండే స్ప్రింగ్ కొసల్ని నొక్కుతుంది. వీటిలో ఏది పట్టేసినా కాలికి తెలిసేది పెడల్ గట్టిగా ఉందనే. కాబట్టి ఒక్కో భాగాన్నీ విడదీసి చూడాల్సిందే.

ఆదివారం పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టు. లివర్ దగ్గర కేబుల్ చివర మరలున్న కడ్డీకి ఒక నట్ ఉంటుంది. అది విప్పే ముందు ఎన్ని మరలు బయటికి కనిపిస్తున్నాయో ఫోటో తీసి, నట్ దగ్గర పెయింట్‌తో మార్కు పెట్టు. ఇప్పుడు కేబుల్‌ని లివర్ నుంచి, పైన పెడల్ కొక్కెం నుంచి కూడా తప్పించు.

ముందు పెడల్‌ని చేత్తో నొక్కు. తేలిగ్గా కదిలితే సరే. కిర్రుమంటూ ఆగి ఆగి దిగితే ఇరుసు దగ్గర బుష్ (ఇరుసు తిరిగే చిన్న గొట్టం) ఎండిపోయినట్టు, కాస్త గ్రీజు రాస్తే చాలు.

తర్వాత కేబుల్. లోపలి తీగని రెండు వైపుల నుంచీ లాగి చూడు, వేళ్లతోనే జారాలి. ఇసుకలో లాగినట్టు గరగరమంటే అది అయిపోయింది. టార్చ్ వేసి పెడల్ కొక్కెం దగ్గర చూడు, పోగులు తెగి సూదుల్లా లేచి ఉంటాయి. చెయ్యి జాగ్రత్త. ఒక్క పోగు తెగినా ఆ కేబుల్‌తో సిటీ ట్రాఫిక్‌లోకి వెళ్లకు. నూనె పోసి బతికించాలని కూడా చూడకు. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కేబుల్‌కి నూనె పోస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. నీ మోడల్‌కి సరిపోయే కంపెనీ కేబుల్ కొను. పాతది వెళ్లిన దారిలోనే, మెలిక పడకుండా, సైలెన్సర్ పైపుకి తగలకుండా వెయ్యి. నా అనుభవంలో ఎక్కువ కార్లు ఇక్కడే బాగుపడ్డాయి.

కేబుల్ మంచిదే అయితే లివర్‌ని చేత్తో ఆడించు. మొదట్లో కొద్దిగా వదులుగా కదిలి, తర్వాత స్ప్రింగ్‌కి తగిలి ఆగాలి. ఆ వదులు కదలికే బిరుసుగా ఉంటే లివర్ తిరిగే షాఫ్టు తుప్పు పట్టింది. అది లోపలికి దిగే చోట తుప్పు వదిలించే స్ప్రే కొడితే కొన్నాళ్లు నడుస్తుంది, అంతకు మించి ఆశపడకు.

పెడల్, కేబుల్, లివర్ మూడూ బాగుండి, కేబుల్ తిరిగి బిగించాక కూడా బరువు తగ్గకపోతే, అప్పుడు షెడ్డు వాళ్ల మాట నిజం. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ స్ప్రింగ్ వేళ్లు గేర్‌బాక్స్ వైపు జరుగుతాయి, అలా జరిగినప్పుడు వాటిని నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. పెడల్ పైన ఉండే వదులు కూడా తగ్గిపోతుంది. ఎక్కుడులో ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోతే ఇక అనుమానమే లేదు. గేర్‌బాక్స్ దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ కలిపి మార్పించు, కూలి రెండుసార్లు ఇవ్వక్కర్లేదు. ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) ముఖం కూడా చూపించమను.

నీ ఫ్రెండ్ కారుది హైడ్రాలిక్ అన్నావు, దానికి కేబుల్ ఉండదు, ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేస్తుంది. పెడల్ గట్టిగా ఉండి మెల్లగా పైకొస్తుంటే లోపల ఉబ్బిన హోస్‌ని (ఫ్లూయిడ్ వెళ్లే రబ్బరు గొట్టాన్ని) అనుమానించమను. ఫ్లూయిడ్ డబ్బా మూత మీద రాసిన రకం తప్ప వేరేది పొయ్యొద్దు. ఇంజిన్ ఆయిల్ పడితే సిలిండర్ రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

అంతా బిగించాక పెడల్ పైన ఎంత వదులు ఉండాలో కారుతో వచ్చిన పుస్తకం చూసి సరిచెయ్యి. వదులు బొత్తిగా లేకపోతే బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండి పాడవుతుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టి నిలబడటం మానెయ్యి, న్యూట్రల్ చేసి కాలు తీసెయ్యి. కేబుల్ బయటికి తీశాక రెండు కొసలూ దగ్గర నుంచి ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

మీ మామయ్య