సంగీత సందేహాలు: ఒకే పాట, రెండు టేకులు

ప్రశ్న: జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' సీడీ చివర 'ఫ్లమెన్కో స్కెచెస్' మళ్లీ వస్తుంది, పక్కన 'ఆల్టర్నేట్ టేక్' అని ఉంది. నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తేడా ఎక్కడ వెతకాలి? (పాఠకుడు, గుంటూరు)

జవాబు: పాటను స్టూడియోలో వాయించి రికార్డు చేసిన ప్రతిసారీ ఒక టేకు. రెండూ 1959 ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ల 30వ వీధి స్టూడియోలో తీసినవే. ఆల్టర్నేట్ మొదటి టేకు, ఎల్పీలోకి వెళ్లింది ఆరోది. ఆ ఆల్బమంతా మొదటి దెబ్బకే అయిపోయిందన్న మాట అబద్ధమని ఈ ఒక్క పాటతోనే తేలిపోతుంది.

నిడివి రెంటికీ తొమ్మిదిన్నర నిమిషాలకు అటూ ఇటూ. అందుకని మూడో నిమిషం పక్కన మూడో నిమిషం పెట్టి వింటే మోసపోతారు. దీనికి కట్టిన వరుసంటూ లేదు. ఉన్నవి ఐదు స్కేళ్లు (స్వరాల మెట్లు). ఒక్కోదాని మీద ఎంతసేపు ఉండాలో సోలో (తన వంతు) వాయించేవాడి ఇష్టం. మన లెక్కలో శంకరాభరణం, హరికాంభోజి, మళ్లీ శంకరాభరణం, తోడికీ వకుళాభరణానికీ మధ్య ఊగే స్పానిష్ ఛాయ, చివర ఖరహరప్రియ. అయితే షడ్జం ప్రతిసారీ మారుతుంది: పాశ్చాత్య స్వరాల పేర్లలో సి, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్, డి, జి. శ్రుతిపెట్టె వేసుకుని వింటే అంతా గందరగోళమే.

కాగితం మీద ఐదు గళ్లు గీయండి. పాల్ చేంబర్స్ వాయించే బేస్ (మంద్ర స్వరాల తంత్రీ వాద్యం) కొత్త షడ్జం మీదికి దిగినప్పుడల్లా పక్క గడికి వెళ్లండి. నాలుగు దెబ్బలకొక బార్ చొప్పున ఎన్ని బార్లయ్యాయో ఆ గడిలో వేయండి. సోలోల క్రమం రెంటిలోనూ ఒకటే: మైల్స్, కోల్‌ట్రేన్ (శాక్సఫోన్), కానన్‌బాల్ ఆడర్లీ (శాక్సఫోన్), బిల్ ఎవాన్స్ (పియానో), తిరిగి మైల్స్. మైల్స్ మొదటి సోలోతో మొదలుపెట్టండి. ట్రంపెట్‌కి మ్యూట్ (ధ్వనిని అణచే మూత) పెట్టి తక్కువ స్వరాలు వాయిస్తాడు, పట్టుకోవడం తేలిక. కోల్‌ట్రేన్‌ని చివరికి ఉంచుకోండి. లెక్క కుదిరాక ఒక గడినే తీసుకుని, రెండు టేకుల్లోనూ దాన్ని వెంటవెంటనే వినండి.

ఒకటి సీడీలో, ఇంకోటి ఫోన్‌లో వద్దు. కాస్త గట్టిగా మోగిందే బాగుందనిపిస్తుంది, చెవికున్న జబ్బది.

ప్రశ్న: నా పాత ఎల్పీకీ సీడీకీ శ్రుతి కలవడం లేదు. అందువల్ల ఈ పోలిక చెడుతుందా?

జవాబు: చెడదు. మార్చి 2న తీసిన మొదటి వైపు పాటలకే ఆ చిక్కు. ఆ రోజు టేపు యంత్రం నెమ్మదిగా తిరగడంతో రికార్డులో శ్రుతి కొంచెం పైకి పోయింది. 1992 విడుదలలో సరిచేశారు. 'ఫ్లమెన్కో స్కెచెస్' రెండో వైపుది.