మందు ముట్టనివాళ్లం పబ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: లండన్‌లో మా అబ్బాయి ఏదో పాతకాలం పబ్‌లో భోజనం చేద్దాం అంటున్నాడండీ, మేం మందు ముట్టం, వెళ్తే బాగుంటుందా?

జవాబు: నిక్షేపంగా వెళ్లండమ్మా! అక్కడ పబ్ అంటే తాగడానికే కాదు, ఆదివారం మధ్యాహ్నం చాలామంది పిల్లాపాపలతో వచ్చి రోస్ట్ తింటారు, అంటే ఓవెన్‌లో కాల్చిన మాంసం, ఆలుగడ్డలు, పైన వేడి గ్రేవీ, పక్కన పిండితో చేసి దొప్పలా పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగ్, పేరుకే పుడ్డింగ్ గానీ తీపి ఉండదు. మాంసం తినకపోతే ముందే అడగండి, గ్రేవీ కూడా మాంసం రసంతో చేస్తారు చాలాచోట్ల. చాలా పబ్‌లలో టేబుల్ నంబర్ చూసుకుని కౌంటర్ దగ్గరే ఆర్డర్ ఇవ్వాలి, కూర్చుంటే ఎవరూ రాకపోవచ్చు. వీలైతే లండన్‌లోనే సదర్క్ ప్రాంతంలో జార్జ్ ఇన్ అనే పాత పబ్ చూడండి, 1676 మంటల్లో కాలిపోయాక మళ్లీ కట్టింది, ఆ చెక్క వసారాలు చూస్తే నాకైతే కదలబుద్ధి కాలేదు.