క్యాంపింగ్‌కి ఫ్రిజ్ కొనాలా, ఐస్ బాక్స్ చాలా?

ప్రశ్న: మాది తిరుపతి. ప్రైవేటు ఉద్యోగం. నెలకు 52,000 చేతికొస్తుంది, ఇంటి ఖర్చు 38,000 దాకా అవుతుంది. ఇంట్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. నిరుడు నాలుగుసార్లు కారులో తలకోన, హార్స్‌లీ హిల్స్, పులికాట్ వైపు వెళ్ళి, అనుమతి ఉన్నచోట టెంట్ వేసుకుని ఒకటి రెండు రాత్రులు ఉండి వచ్చాం. ప్రతిసారీ పాలో, కూరో చెడిపోయింది. 45 లీటర్ల మంచి ఐస్ బాక్స్ 16,500 చెబుతున్నారు. కంప్రెసర్ ఉన్న 40 లీటర్ల పోర్టబుల్ ఫ్రిజ్ 38,000, నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 3,167. దానికి కావాల్సిన పవర్ స్టేషన్, అంటే వెంట తీసుకెళ్ళే పెద్ద బ్యాటరీ, ఇంకో 32,000, అది తర్వాత చూద్దామనుకుంటున్నాం. అమ్మకు ఇన్సులిన్ ఉంది కాబట్టి ఫ్రిజ్జే మంచిదని నా భార్య అంటోంది. బోనస్ 45,000 వచ్చింది. సేవింగ్స్‌లో 60,000 ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: ఐస్ బాక్స్ కొనండి. ఫ్రిజ్ ఈ ఏడాదికి వద్దు. ఎందుకు వద్దంటున్నానో లెక్కతో చెబుతాను. మీరూ మీ భార్యా కూర్చుని ఒకసారి సరిచూసుకోండి.

ముందు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట, "తర్వాత చూద్దాం" అన్నది. పవర్ స్టేషన్ తర్వాత చూసే వస్తువు కాదండీ. అది లేకపోతే 38,000 పెట్టి కొన్న ఫ్రిజ్ కారు నడుస్తున్నంతసేపే నమ్మకంగా పనిచేస్తుంది. ఇలాంటి ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. మన ఎండల్లో, 40 డిగ్రీల వేడిలో, రోజులో సగంసేపు తిరుగుతుందనుకున్నా 600 వాట్ అవర్లు కావాలి (వెయ్యి వాట్ అవర్లంటే ఒక యూనిట్ కరెంటు). కారులో ఉండే 12 వోల్టుల, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండుగా ఉంటే ఇవ్వగలిగింది 540. అందులోనూ సగం దాటి వాడితే బ్యాటరీ దెబ్బతింటుంది, పొద్దున కారు స్టార్ట్ కాకపోవచ్చు. మంచి ఫ్రిజ్జుల్లో బ్యాటరీ బాగా తగ్గగానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. కారు బతుకుతుంది కానీ పాలు విరుగుతాయి. ఇంజిన్ ఆపి రాత్రంతా ఉండేవాళ్ళకి ఫ్రిజ్ అసలు ధర 38,000 కాదు, 70,000.

ఇక వాడకం. నిరుడు నాలుగుసార్లు వెళ్ళారు. ఈ ఏడాది ఎక్కువ వెళ్దామని అందరం అనుకుంటాం. కానీ పిల్లల పరీక్షలు, ఊళ్ళో పెళ్ళిళ్ళు, ఎండలు ఉండనే ఉంటాయి. అందుకే జరిగిన దాన్నే లెక్కలోకి తీసుకుంటాను. ఫ్రిజ్ ఏడేళ్ళు పనిచేసినా 28 ట్రిప్పులు. 70,000ని 28తో భాగిస్తే ట్రిప్పుకి 2,500. ఐస్ బాక్స్‌లో తిరిగే భాగాలేవీ ఉండవు, పాడైతే మూత చుట్టూ ఉండే రబ్బరు పాడవుతుంది. పదేళ్ళు అనుకుంటే 40 ట్రిప్పులు, ట్రిప్పుకి 412 రూపాయలు. చల్లగా ఉంచుకోవడానికే ట్రిప్పుకి రెండువేల అయిదువందలు పెట్టడం మీ ఆదాయానికి చాలా ఎక్కువ.

మీరు వెళ్ళే చోట్లు కూడా చూడండి. తలకోనకి భాకరాపేట మీదుగా వెళ్తారు, హార్స్‌లీ హిల్స్‌కి పీలేరు, మదనపల్లె, పులికాట్‌కి సూళ్ళూరుపేట. ఏ దారిలోనూ రెండు రోజులపాటు అంగడి కనబడకుండా ఉండదు. వారం పదిరోజులు మంచు గడ్డ దొరకని చోట తిరిగేవాళ్ళకి పోర్టబుల్ ఫ్రిజ్ అవసరమే, వాళ్ళకైతే నేనే కొనమంటాను.

ఇన్సులిన్ గురించి మీ భార్య ఆలోచన సరైనదే, ఆ ఒక్క విషయంలో తేలిగ్గా తీసుకోకూడదు. అయితే దానికి 70,000 అక్కర్లేదు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఆ స్టాకు ఇంటి ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. అమ్మ వాడుతున్న ఇన్సులిన్ పెన్ను ఒక్కటే వెంట వస్తే చాలు. వాడుకలో ఉన్నదాన్ని బయట ఎన్ని డిగ్రీల్లో, ఎన్ని రోజులు ఉంచవచ్చో దాని డబ్బా మీదో, లోపలి కాగితం మీదో రాసి ఉంటుంది, రకాన్ని బట్టి మారుతుంది. మీ డాక్టరునో, మందుల షాపు ఫార్మసిస్టునో ఒక మాట అడగండి. మన వేసవిలో బయట పెట్టడం ఎలాగూ కుదరదు. చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, దాన్ని పొడి టవల్‌లో చుట్టి, బాక్స్‌లో అన్నిటికన్నా పైన ఉంచండి. ఐస్‌కి తగలనివ్వకండి. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు, పారేయాల్సిందే. దాని పక్కనే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి పెట్టుకోండి. కొన్ని వందల్లో వస్తుంది. ఈ మొత్తం కొనుగోలులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే.

ఒక జాగ్రత్త. 38,000 ఎక్కువని నేనన్నాను కదా అని ఆన్‌లైన్‌లో ఆరేడువేలకు దొరికే "కార్ ఫ్రిజ్" వైపు వెళ్ళకండి. వాటిలో చాలావాటికి కంప్రెసర్ ఉండదు. చిన్న ఎలక్ట్రానిక్ పలకతో చల్లబరుస్తాయి, బయటి వేడికన్నా ఓ 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. బయట 40 ఉంటే లోపల 20 అన్నమాట. ఏడేళ్ళ కిందట మే నెలలో అలాంటిదొకటి పెట్టుకుని మేం హార్స్‌లీ హిల్స్ బయల్దేరాం. పీలేరు దాటాక పాల ప్యాకెట్ చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. కొండ ఎక్కేసరికి ప్యాకెట్ ఉబ్బింది. గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టగానే తెల్లటి తునకలుగా విరిగిపోయాయి. మా చిన్నది అప్పటికి నాలుగేళ్ళది, పాల కోసం ఏడుస్తుంటే మా ఆవిడ టీ అంగడికి పరిగెత్తింది. ఆ సాయంత్రం నేను మర్చిపోలేదు. అందుకే మీ పాలు చెడిపోయాయంటే ఆ ఇబ్బంది నాకు తెలుసు.

ఈఎంఐ సంగతి. నో కాస్ట్ అన్నా వడ్డీ ఎక్కడో ఒకచోట ఉంటుంది. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. మొత్తం ఒకేసారి కట్టేవాళ్ళకి వచ్చే డిస్కౌంట్ మీకు రాదు. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్‌టీ, పైన మామూలుగా ప్రాసెసింగ్ ఫీజు ఉంటాయి. "ఇప్పుడే మొత్తం కడితే ఎంతకిస్తారు?" అని అడగండి, తేడా అక్కడే బయటపడుతుంది. వడ్డీ కన్నా నాకు టెన్షన్‌గా అనిపించేది, మీకు నెలకు మిగిలే 14,000లో నాలుగో వంతుకు దగ్గరగా ఒక ఫ్రిజ్‌కి ఏడాదిపాటు కట్టుబడిపోవడం. సేవింగ్స్‌లో ఉన్న 60,000 మీ ఇంటిని నెలన్నర నడుపుతుంది, అంతే. ఇంట్లో షుగరున్న పెద్దావిడ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 1,14,000, పక్కన ఉండాలి.

కాబట్టి బోనస్‌లోంచి 16,500 పెట్టి ఐస్ బాక్స్ నగదుతో కొనండి. అదే రకంలో 35 లీటర్లది దొరికితే ఇంకా మంచిది, రెండు రోజులకు చాలు. బాక్స్‌లో ఖాళీ జాగా ఎంత ఉంటే ఐస్ అంత త్వరగా కరుగుతుంది. మిగిలిన 28,500ని బ్యాంకులో మూడు చిన్న ఎఫ్‌డీలుగా వేయండి. అవసరం వస్తే ఒకటి మాత్రం తీస్తారు, మిగతావాటి వడ్డీ పోదు. ఈఎంఐ కట్టాలనుకున్న ఆ 3,167 కూడా నెలనెలా పక్కన పెడితే, మూడు నెలల ఖర్చు తొమ్మిది నెలల్లోపే చేరుతుంది.

బాక్స్ కొన్నంత మాత్రాన చల్లదనం రాదు, సర్దడంలోనే ఉంది కిటుకు. ప్రయాణానికి రెండు రోజుల ముందు నాలుగు రెండు లీటర్ల నీళ్ళ బాటిళ్ళు మీ ఇంటి ఫ్రీజర్‌లో పెట్టండి. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు పదో వంతు దాకా ఉబ్బుతాయి, మెడ దగ్గర వెలితి వదలండి. కిలో ఐస్ కరుగుతూ సుమారు 93 వాట్ అవర్ల వేడిని పీల్చుకుంటుంది. నాలుగు బాటిళ్ళలో ఎనిమిది కిలోలకి కాస్త తక్కువ, అంటే సుమారు 700 వాట్ అవర్లు. మీరు 32,000 పెట్టి కొనాలనుకున్నదీ ఇలాంటి చల్లదనం కోసమే. దీనికయ్యేది ఒక యూనిట్ కరెంటు, అటూ ఇటూగా. పైగా కరిగాక తాగునీళ్ళు. ముందురోజు రాత్రే బాక్స్‌లో వీటికి అదనంగా గడ్డకట్టించిన ఇంకో బాటిల్ వేసి మూతపెట్టి బాక్స్‌ని చల్లబరచండి. పొద్దున దాన్ని తీసి ఫ్రీజర్‌లోవి వేయండి. మసాలా పట్టించిన కోడిమాంసం గడ్డకట్టించి అడుగున పెట్టండి, పాలు, పెరుగు మధ్యలో. నీళ్ళ సీసాలకి, కూల్‌డ్రింకులకి వేరే సంచి ఉండాలి. పిల్లలు పదిసార్లు తెరిచేది వాటికోసమే.

చలికాలంలో కొంగలు వచ్చినప్పుడు పులికాట్ వెళ్తారుగా, అక్కడ రెండోరోజు మధ్యాహ్నం మూత తీసి బాటిళ్ళలో ఎంత గడ్డ మిగిలిందో, థర్మామీటర్ ఎంత చూపిస్తోందో రాసిపెట్టుకోండి. ఎండాకాలం ట్రిప్పులోనూ అలాగే. అప్పటికీ చాలడం లేదనిపిస్తే ఆ రెండు అంకెలు నాకు రాయండి, ఫ్రిజ్ లెక్క మళ్ళీ వేద్దాం. ఈలోగా ఆ ఫ్రిజ్ అమ్మే వాళ్ళని ఒకటి అడిగి ఉంచండి: రిపేరు వస్తే తిరుపతిలోనే చేస్తారా, చెన్నైకో బెంగళూరుకో పంపాలా, ఆ రానూపోనూ ఖర్చు ఎవరిది?