ఆ ప్లంబరు ఎవరో చెప్పేయండి

ఖమ్మం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం. వయసు 43, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త నడిపే షాపు రెండేళ్ళ క్రితం మూతపడింది, అప్పటి నుంచి ఆయన ఇంటిపట్టునే ఉంటున్నారు. ఉగాదికి ముందు ఆదివారం భర్త, అత్తగారు పెళ్ళికని కొత్తగూడెం వెళ్ళారు. "బూజన్నా దులుపుదాం" అని ఐదున్నరకు కొంగు బిగించిన ఈవిడ, దీపాల వేళకల్లా వెయ్యి లీటర్ల ట్యాంకు కడిగింది. ఎనిమిది నెలలుగా కారుతున్న ఫ్లోట్ వాల్వ్ మార్చింది. సంపులోకి దిగి గోడలు రుద్దింది. కూలర్‌కి కొత్త గడ్డి కట్టింది, పరుపులు ఎండేసింది, మల్లె కత్తిరించింది, చివరికి బాత్రూముకు యాసిడ్ కూడా కొట్టింది.

"ఇన్ని పనులు ఒక్క రోజులో ఎలా అయ్యాయో నాకే నమ్మబుద్ధి కావట్లేదు. ప్రతి ఆదివారం ఇలాగే గడవాలంటే టైంటేబుల్ ఎలా వేసుకోవాలి? ఆడమనిషి మేడెక్కి ట్యాంకులో దిగడమేంటని అత్తమ్మ గొడవ చేస్తుంది, ఆమెను ఎలా ఒప్పించాలి?" ఇవీ అడిగినవి. ఉత్తరం చివర ఇంకో నాలుగు ముక్కలున్నాయి: "మావారు వచ్చి వాల్వ్ చూసి ఎవరు చేశారన్నారు. ప్లంబర్ వచ్చాడని చెప్పాను. లెక్కల పుస్తకంలో 500 రాసి, ఆ నోటు పోపుల డబ్బాలో పెట్టాను. 'బాగా చేశాడు, వాడి నంబరు ఉంచు' అన్నారు."

అమ్మా, టైంటేబుల్ మీకు అక్కర్లేదు. ఆ రోజు మీరు పొయ్యి ఒక్కసారి వెలిగించారు, టీ ఒక్కసారి పెట్టుకున్నారు. "ఇప్పుడెందుకవన్నీ" అనేవాళ్ళు ఇంట్లో లేరు. పనుల వరుస కూడా చక్కగా కుదిరింది. ట్యాంకులో మిగిలిన నీళ్ళతోనే బట్టలుతికి, మేడ కడిగి, ఖాళీ అయ్యాక లోపలికి దిగారు. పైనుంచి కిందికి వచ్చారు కాబట్టి ఏ పనీ రెండోసారి చేయాల్సి రాలేదు. రహస్యం అంతే. అందరూ ఇంట్లో ఉన్న ఆదివారం ఇందులో మూడో వంతు అయితే గొప్ప.

అత్తగారి సంగతి అంతకంటే చిన్నది. పండగొస్తే ఇల్లలికి గోడలకు సున్నం వేసిన తరం ఆవిడది. వాళ్ళ రోజుల్లో ఆ పనులు మగవాళ్ళొచ్చి చేయలేదు. రెండు రోజులు సణుగుతారు, మూడో రోజు "కోడలే ట్యాంకు కడుగుద్ది" అని పక్కింట్లో చెప్పుకుంటారు. ఆవిడను అడ్డం పెట్టుకుని అసలు మనిషి పేరు ఎత్తకుండా తప్పించుకున్నారు మీరు.

మీ ఆయన గురించి మాట్లాడేముందు సంపు సంగతి చెప్పాలి, ఎందుకంటే అది చదివాక కోపం వచ్చింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆరడుగుల సంపులోకి ఒక్కరే దిగారు. దిగి, లోపలే బ్లీచింగ్ చల్లి రుద్దారు. నెలల తరబడి మూత పెట్టి ఉన్న సంపులో అడుగున ఆక్సిజన్ తగ్గిపోయి ఉండొచ్చు, వాసన కూడా తెలియదు. దాని మీద బ్లీచింగ్ ఘాటు. తల తిరిగి పడితే సాయంత్రం దాకా చూసేవాళ్ళు లేరు. మళ్ళీ చేయాల్సి వస్తే మోటారు ప్లగ్గు పీకేయండి, మూత ముందురోజు నుంచే తీసి జాలీ కప్పి ఉంచండి. వీలైనంత వరకు పొడుగు కర్ర బ్రష్షుతో పైనుంచే రుద్దండి. దిగక తప్పకపోతే పైన ఒక మనిషి నిలబడే ఉండాలి, లోపలున్న మనిషి పడిపోతే ఆ పైమనిషి తానూ దూకకుండా కేకలేసి 112కి ఫోన్ చేయాలి. బ్లీచింగ్ వాడిన చోట యాసిడ్ పొరపాటున కూడా వద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులు పాడుచేస్తుంది. ఒకే బకెట్టు, ఒకే బ్రష్షు రెంటికీ వాడినట్టు రాశారు, అదృష్టం బాగుంది.

ట్యాంకుకు బ్లీచింగ్ గుప్పెళ్ళతో వేయడం కూడా సరికాదు. శుద్ధి చేయడానికైతే వెయ్యి లీటర్లకు 200 గ్రాములు. బకెట్టులో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, తేరుకున్నాక పై నీళ్ళు మాత్రమే ట్యాంకులో పోయాలి, అడుగున మిగిలే సున్నం పారేయాలి. ఇంట్లో కొళాయిలన్నీ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేస్తే పైపులు కూడా శుభ్రపడతాయి. రాత్రంతా ఉంచి, పొద్దున వదిలేసి, మంచినీళ్ళు నింపుకోవాలి. వదిలిన నీళ్ళు మొక్కల్లోకి పోనివ్వొద్దు.

వాల్వ్ మార్చాక కూడా బయటి నట్టు దగ్గర చెమ్మ కనిపిస్తోందని ఎక్కడో మధ్యలో రాశారు. రబ్బరు వాషర్ లోపలి వైపు, వాల్వ్ అంచుకూ ట్యాంకు గోడకూ మధ్య పడాలి. బయట వేసి ఉంటారు. పైపు జాయింటుకు టెఫ్లాన్ టేపు మర బిగిసే వైపే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడే ఊడివస్తుంది. ఎనిమిది పది చుట్లు చాలు. నట్టు చేత్తో బిగించి, ఆపై స్పానరుతో పావు తిప్పు. ప్లాస్టిక్ ట్యాంకు కదా, ఇంకా బిగిస్తే పగులుతుంది. నీళ్ళు ఓవర్‌ఫ్లో పైపుకు రెండు వేళ్ళు కిందే ఆగేలా బంతి కడ్డీ సర్దండి.

కూలర్ గడ్డి మొదట ఒక పూట తడిపి ఎర్ర నీళ్ళు వదిలేస్తే వాసన రాదు. పైన నీళ్ళు జారే పైపు చిల్లులు ఉప్పు పట్టి ఉంటాయి, సూదితో పొడవండి, లేకపోతే గడ్డి ఒక పక్కే తడుస్తుంది. ఆన్ చేశాక రేకుకు చెయ్యి కాదు, టెస్టరు తగిలించి చూడండి. వెలిగితే వెంటనే ప్లగ్గు పీకేసి, ఎర్తింగ్ సరిచేయించేదాకా వాడకండి. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి అంచులు రుద్ది ఆరబెట్టాలి, డెంగీ దోమ గుడ్లు ఆ అంచులకే అంటుకుంటాయి. మల్లె మాత్రం చలికాలంలో కత్తిరించాల్సింది. చెట్టుకేం కాదు, మొగ్గ కొత్త చిగురుకే వస్తుంది. ఈసారి పూలు నెలన్నర ఆలస్యం.

ఇక మీ ఆయన.

ఎనిమిది నెలలు ఆ వాల్వ్ కారింది. అడిగిన ప్రతిసారీ "నేను చూస్తాలే" అన్నారని రాశారు. షాపు పోయాక ఆయన చేతిలో మిగిలిన పెద్దరికం ఆ "చూస్తాలే" ఒక్కటే. ఆ సంగతి మీకూ తెలుసు, అందుకే నోటికొచ్చిన మొదటి మాట ప్లంబరు అయింది. ఆయన్ను నొప్పించకూడదనుకున్నారు. నిచ్చెన ఎక్కడ తీశారో అక్కడే పెట్టి, స్పానరు తుడిచి, పాత వాల్వ్ కవర్లో చుట్టి చెత్తబండిలో వేశారు. సొంతింట్లో దొంగలా తిరగాల్సిన ఖర్మ మీకేం పట్టింది? సంపులో ఒక్కరే దిగడానికి కారణం కూడా అదే. ఎవరికీ తెలియకుండా కావాలి, కాబట్టి తోడుగా ఎవర్నీ పిలవలేదు.

భర్త పరువు నిలబెట్టడం ఇల్లాలి బాధ్యత అంటే కాదనను. కానీ యాభై ఏళ్ళ మనిషి నిజం తట్టుకోలేడని మీకు మీరే తేల్చేశారు. అది గౌరవమని నేననుకోను, చిన్నపిల్లాణ్ణి చేయడం. ఆయన ఏమన్నారో మళ్ళీ చదువుకోండి. "బాగా చేశాడు" అన్నారు. రెండేళ్ళలో ఆయన నోట మీ పని గురించి వచ్చిన మంచి మాట అదొక్కటేనేమో, దాన్ని ఊరూ పేరూ లేని ప్లంబరుకు ఇచ్చేశారు.

పైగా ఈ అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు. వాల్వ్ కొన్న హార్డ్‌వేర్ షాపాయన మీ వీధిలోనే ఉన్నాడు, "మొన్న మేడమే వచ్చి తీసుకెళ్ళింది" అని మీ ఆయనతో ఏదో ఒక రోజు అంటాడు. ఎదురింటి వాళ్ళు మిమ్మల్ని ట్యాంకు మీద చూశారని మీరే రాశారు. అలా బయటి నోటి నుంచి తెలిస్తే అప్పుడు ఆయనకు నిజంగా చిన్నతనం.

కాబట్టి మీరే చెప్పండి. అత్తగారి ముందు వద్దు, రాత్రి భోజనాల దగ్గరా వద్దు. చెమ్మ సరిచేయడానికి ఎలాగూ మళ్ళీ మేడెక్కాలి. నిచ్చెన పట్టుకోమని ఆయన్ను పిలవండి. "మళ్ళీ ఆ ప్లంబర్నే పిలవచ్చుగా" అంటారు. "ఆ నంబరు మీ ఫోన్లో ఎప్పట్నుంచో ఉంది, నాదే" అని చెప్పండి. సారీ మాత్రం అబద్ధానికే చెప్పండి, పనికి వద్దు. ఆ తర్వాత ఆయన నవ్వచ్చు, నిచ్చెన వదిలేసి కిందికి పోయి ఒక పూట మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోతే వెంటపడి బతిమాలకండి, "మీకు వీలు లేదని" అంటూ సాకులు కూడా మీరే అందించకండి. మీరు బిగించాల్సింది బిగించి దిగి రండి. కలిసి చేయాల్సింది ఇంకా ఉంది, సంపు దగ్గర పైన నిలబడే మనిషి ఆయనే కావాలి.

లెక్కల పుస్తకంలో "ప్లంబర్" కొట్టేసి మీ పేరు రాయండి. పోపుల డబ్బాలో నోటు వెనక్కి పెట్టొద్దు. నిజానికి 500 తక్కువే రాశారు, ట్యాంకు కడిగినందుకు ప్లంబర్లు వేరే తీసుకుంటారు.